ఏ దేశం భద్రం? ఏ దారిన వెళితే భద్రం?

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు వరదలా వచ్చే ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలే ఈ ప్రాంతంలో విదేశీ చదువులు ఖరారయ్యే కాలం కూడా. పెదనందిపాడు, పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, చిలకలూరిపేట ఊళ్ళలో పంట డబ్బుకు బ్యాంకు రుణం, బంధువుల చేబదులు కలిపి, ఆగస్టులో మొదలయ్యే ఫాల్ సెమిస్టరుకు పిల్లల్ని పంపుతారు. ఒకప్పుడు పెద్దలు అడిగింది ఒకటే: ఏ దేశంలో సంపాదన ఎక్కువ? ఈ పదేళ్ళలో దాని పక్కన ఇంకో ప్రశ్న చేరింది: ఏ దేశం భద్రం? మరణవార్త ఊరికి చేరినప్పుడల్లా ఆ ప్రశ్న లేస్తుంది. నెల తిరిగేసరికి కన్సల్టెన్సీ వాళ్ళ హామీల కింద అణిగిపోతుంది.

నల్లరేగడి పల్లెలకు ఈ వలస కొత్తదేమీ కాదు. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాల డాక్టర్లు, అమెరికా తన వలస చట్టాన్ని 1965లో సడలించాక పెద్ద సంఖ్యలో అక్కడికి వెళ్ళారు. 'జింకానా' పేరుతో సంఘం పెట్టుకుని గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి భవనాలకు విరాళాలిచ్చారు. 1990లలో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు వెళ్ళారు. తర్వాత ఎమ్మెస్ విద్యార్థులు, రష్యా, ఉక్రెయిన్, కిర్గిజ్‌స్థాన్‌లకు ఎంబీబీఎస్ పిల్లలు, గల్ఫ్‌కు కూలీలు, డ్రైవర్లు, ఇంటిపని మహిళలు వెళ్ళారు. వీళ్ళందరినీ కలిపి 'విదేశాలకు వెళ్ళినవాళ్ళు' అంటాం. కానీ వాళ్ళు ఎదుర్కొనే ప్రమాదాలు ఒకటి కావు. అందుకే దేశాల పేర్లతో మొదలుపెట్టకుండా, భద్రతను ఎలా కొలుస్తున్నారన్న దగ్గర మొదలుపెట్టాలి.

ర్యాంకులు చెప్పేవి, చెప్పనివి

అందరూ ఉదహరించే జాబితా ప్రపంచ శాంతి సూచీ. ఆస్ట్రేలియా కేంద్రంగా పనిచేసే ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఎకనమిక్స్ అండ్ పీస్ 163 దేశాలను 23 అంశాల మీద తూచి దీన్ని ఏటా విడుదల చేస్తుంది. 2008 నుంచి ఐస్‌లాండ్‌దే మొదటి స్థానం. 2024 జాబితాలో ఐర్లండ్ 2, సింగపూర్ 5, మలేసియా 10, కెనడా 11, ఆస్ట్రేలియా 19, జర్మనీ 20, కువైట్ 25, బ్రిటన్ 34 స్థానాల్లో ఉన్నాయి. భారత్‌ది 116. మన పిల్లలు ఎక్కువగా కోరుకునే అమెరికాది 132.

ఈ అంకెలే నమ్మితే అమెరికా వెళ్ళడం కంటే పర్చూరులో ఉండడమే మేలు, అమెరికా కంటే కువైట్ ఎంతో నయం అనుకోవాలి. కానీ ఈ సూచీ హత్యల రేటుతో పాటు సైనిక ఖర్చునూ, ఆయుధాల ఎగుమతులనూ, ఇరుగుపొరుగు దేశాలతో సంబంధాలనూ లెక్కలోకి తీసుకుంటుంది. అది ఒక రాజ్యం ఎంత శాంతంగా ఉందో చెబుతుంది. ఆ రాజ్యంలో వీసా మీద బతికే పరాయి మనిషి ఎంత భద్రంగా ఉన్నాడో చెప్పడం దాని పని కాదు.

2024 జూన్‌లోనే ఈ తేడా బయటపడింది. సూచీలో కువైట్ 25వ స్థానం పొందిన ఆ నెలలో, 12వ తేదీ తెల్లవారుజామున మంగాఫ్‌లో కార్మికులను కుక్కి ఉంచిన భవనం అంటుకుంది. చనిపోయినవాళ్ళలో 40 మందికి పైగా భారతీయులు. వాళ్ళలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. అక్కడ యుద్ధం లేదు, దోపిడీ లేదు, కాల్పులు లేవు. ఒక్క భవనంలో దాదాపు రెండు వందల మందిని ఉంచారు, అంతే. ఏ శాంతి సూచీలోనూ పడక గదికి మార్కులు ఉండవు.

రెండో స్థానంలో ఉన్న ఐర్లండ్ సంగతీ ఇలాగే ఉంది. 2025 జూలైలో డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుడిని గుంపు చితకబాదింది. ఆగస్టు 1న అక్కడి భారత రాయబార కార్యాలయం, నిర్మానుష్య ప్రాంతాలకు, ముఖ్యంగా వేళకాని వేళల్లో, వెళ్ళవద్దని మనవాళ్ళను హెచ్చరించింది. దేశం మొత్తానికి శాంతి ఉన్నా, చర్మం రంగు వేరైన మనిషికి ఆ శాంతిలో సమాన వాటా దొరక్కపోవచ్చు.

మరణాల లెక్కను ఎలా చదవాలి

2024 జూలైలో విదేశాంగ శాఖ లోక్‌సభకు ఇచ్చిన సమాధానం ఈ చర్చలో అత్యంత విలువైన పత్రం. అంతకు ముందు ఐదేళ్ళలో విదేశాల్లో 633 మంది భారతీయ విద్యార్థులు చనిపోయారు. కెనడాలో 172, అమెరికాలో 108, బ్రిటన్‌లో 58, ఆస్ట్రేలియాలో 57, రష్యాలో 37, జర్మనీలో 24. పత్రికల్లో కెనడా పేరే పెద్దక్షరాలతో వచ్చింది.

అదే ఏడాది ప్రభుత్వం చెప్పిన విద్యార్థుల సంఖ్యను పక్కన పెట్టి చూస్తే బొమ్మ మారుతుంది. కెనడాలో 4.27 లక్షల మంది, అమెరికాలో 3.37 లక్షలు, బ్రిటన్‌లో 1.85 లక్షలు, ఆస్ట్రేలియాలో 1.22 లక్షలు, జర్మనీలో సుమారు 43 వేలు, రష్యాలో సుమారు 25 వేలు. ఏటా సంఖ్యలు మారతాయి కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా పదివేల మందికి చూస్తే బ్రిటన్, అమెరికాలలో మూడుకు కాస్త పైన, కెనడాలో నాలుగు, ఆస్ట్రేలియాలో ఐదుకు దగ్గర, జర్మనీలో ఐదున్నర, రష్యాలో దాదాపు పదిహేను. పెద్దక్షరాల్లో వచ్చిన కెనడా మధ్యలో నిలిచింది. ఫీజు తక్కువని ఎంబీబీఎస్‌కు పంపే రష్యా అందరికంటే పైన ఉంది.

ఇంకో అంకె మరీ ముఖ్యం. ఆ 633 మందిలో దాడుల వల్ల చనిపోయినవాళ్ళు 19 మంది: కెనడాలో 9, అమెరికాలో 6, మిగతావి ఇతర దేశాల్లో. అంటే వందలో మూడు. తల్లిదండ్రులు రాత్రి నిద్రపోకుండా భయపడేది తుపాకీకి, కత్తికి. పిల్లలను ఎక్కువగా తీసుకుపోతున్నవి రోడ్డు, నీళ్ళు, జబ్బు, ఒంటరితనం. భయం ఒకవైపు, ప్రమాదం మరోవైపు ఉంటే జాగ్రత్త కూడా తప్పు చోటే పడుతుంది.

అమెరికా: తుపాకీ ఒక్కటే కాదు

అమెరికాలో తుపాకీ భయం ఉత్తది కాదు. 2022లో తుపాకుల వల్ల 48 వేల మందికి పైగా చనిపోయారు. సగానికి మించి ఆత్మహత్యలే అయినా, హత్యల రేటు మన దేశం కంటే రెండింతలకు పైనే. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో, పని ముగించుకుని కూర్చున్న ఇద్దరు తెలుగు ఇంజనీర్లపై ఒకడు 'నా దేశం నుంచి పొండి' అని అరుస్తూ కాల్పులు జరిపాడు. ఒకరు చనిపోయారు. 2024 జూన్‌లో బాపట్ల జిల్లా యువకుడు ఒక దుకాణం కౌంటరు దగ్గర పనిచేస్తుండగా కాల్పులకు బలయ్యాడు.

ఈ రెండు ఘటనలూ ఒకే రకమైనవి కావు. మొదటిది జాతి ద్వేషం. దాన్ని ముందే పసిగట్టడం ఎవరి వల్లా కాదు. రెండోది పని స్థలానికి సంబంధించినది. రాత్రిపూట గ్యాస్ స్టేషన్, మద్యం దుకాణం, కిరాణా కౌంటరు అక్కడ దోపిడీలు ఎక్కువగా జరిగే చోట్లు. ఎఫ్-1 వీసా మీద ఉన్న విద్యార్థి అనుమతి లేకుండా క్యాంపస్ బయట పనిచేయకూడదు. అయినా అప్పు వడ్డీ కోసం, గది అద్దె కోసం నగదు జీతానికి అక్కడే నిలబడతాడు. జీతం ఎగ్గొట్టినా, ఎవరైనా బెదిరించినా పోలీసులకు ఫోన్ చేయడానికి జంకుతాడు. చేస్తే వీసా పోతుందేమోనన్న భయం. ఫిర్యాదు చేయలేని మనిషి ఏ దేశంలోనూ భద్రంగా ఉండడు. ఈ చర్చకంతటికీ మూలం ఇక్కడే ఉంది.

వీసా హోదా తుపాకీ దెబ్బంత వేగంగా పోవచ్చు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు అందులో చేరిన వెయ్యికి పైగా విద్యార్థుల్లో అత్యధికులు ఆంధ్రప్రదేశ్ వాళ్ళే. కొందరి కాళ్ళకు రేడియో పట్టీలు తగిలించారు. 2019 జనవరిలో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం బండారం బయటపడింది. అది అమెరికా అధికారులే వల పన్నడానికి పెట్టిన ఉత్తుత్తి సంస్థ. మొదటి విడతలోనే 129 మంది భారతీయులను నిర్బంధించారు. వాళ్ళలో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. విద్యార్థులను చేర్పించిన దళారులుగా కేసులు ఎదుర్కొన్నదీ తెలుగువాళ్ళే.

ఉద్యోగంలో చేరాకా ఊపిరాడదు. హెచ్-1బీ మీద ఉన్నవాడి ఉద్యోగం పోతే 60 రోజులే గడువు. చదువయ్యాక ఇచ్చే పని అనుమతి ఓపీటీలో ఉన్నవాడు మొత్తం 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఏ దేశానికీ ఏడు శాతానికి మించి గ్రీన్ కార్డులు దక్కకూడదన్న పరిమితి వల్ల భారతీయులు దశాబ్దాలు క్యూలో ఉంటారు. ఇక ఆస్పత్రి. బీమా లేకుండా అత్యవసర చికిత్సకు వెళితే ఊళ్ళో రెండెకరాలు అమ్మినా బిల్లు తీరదు.

కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, జర్మనీ

వైద్యం విషయంలో ఈ దేశాలు అమెరికా కంటే మెరుగు. బ్రిటన్ వీసాతో పాటే ఆరోగ్య రుసుము కట్టించుకుని తన జాతీయ ఆరోగ్య సేవలో చేర్చుకుంటుంది. జర్మనీలో ఆరోగ్య బీమా తప్పనిసరి. రోడ్ల మీద కూడా తేడా పెద్దదే. 2022లో అమెరికా రోడ్ల మీద 42 వేల మందికి పైగా చనిపోయారు. జనాభాతో పోల్చితే అది మన దేశపు రేటుకు దాదాపు సమానం. బ్రిటన్‌లో అదే ఏడాది చనిపోయినవాళ్ళు 1,711 మంది.

అయితే వీటిలో ప్రతి దేశానికీ తన లోపం ఉంది. 2009లో మెల్బోర్న్‌లో భారతీయ విద్యార్థులపై వరస దాడులు జరిగాయి. స్క్రూడ్రైవరు పోటుకు గురైన ఒక తెలుగు విద్యార్థి ప్రాణాల కోసం పోరాడాడు. రాత్రి డ్యూటీలు ముగించి ఆఖరి రైలు దిగి నడిచి వెళ్ళే పిల్లలే ఎక్కువగా దాడులకు గురయ్యారు. అక్కడా మూలం పని వేళలూ, చవకైన శివారు గదులే. కెనడా, విద్యార్థి చేతిలో చూపించాల్సిన డబ్బును 2024 జనవరి నుంచి రెట్టింపు చేసి 20,635 డాలర్లకు పెంచింది. అందరూ దాన్ని ఖర్చుగానే చూశారు. గది దొరక్క, తిండికి చాలక రోడ్డున పడ్డ విద్యార్థులను చూశాక తీసుకున్న నిర్ణయమది. 'ఫండ్స్ చూపించడం' అంటే మన దగ్గర వారం రోజుల వడ్డీకి డబ్బు తెచ్చి ఖాతాలో వేయడమే. ఆ డబ్బు వెనక్కి వెళ్ళిపోయాక పిల్లవాడి దగ్గర నిజంగా ఏమీ ఉండదు.

బ్రిటన్‌లో వృద్ధుల సంరక్షణ ఉద్యోగాలకు వెళ్ళినవాళ్ళది ఇంకో గోడు. దళారులకు లక్షలు కట్టి వెళ్ళాక, స్పాన్సర్ సంస్థ లైసెన్సు రద్దయితే 60 రోజుల్లో మరో స్పాన్సర్‌ను వెతుక్కోవాలి. 2025 జూలైలో ఆ వీసాలకు విదేశీ నియామకాలే ఆపేశారు. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఫీజు చాలావరకు నామమాత్రం కాబట్టి అప్పు తక్కువ. కానీ జర్మన్ రానివాడు డాక్టరుతో, ఇంటి యజమానితో, పోలీసుతో మాట్లాడలేక ఒంటరైపోతాడు.

గల్ఫ్: వీధి భద్రం, ఇల్లు అభద్రం

దుబాయ్‌లోనో దోహాలోనో ఆడపిల్ల అర్ధరాత్రి నిర్భయంగా నడవగలదన్నది నిజం. హత్యలు, దోపిడీలు చాలా తక్కువ. కంపెనీ వీసా మీద వెళ్ళే ఇంజనీరుకు, నర్సుకు ఇవి నిజంగానే భద్రమైన ఊళ్ళు.

అదే ప్రాంతానికి ఇంటిపనికి వెళ్ళే మహిళ పరిస్థితి పూర్తిగా వేరు. కువైట్‌లో 'ఖద్దామా'గా పనిచేసే తెలుగు మహిళలు కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి ఎక్కువగా వెళతారు. మన మెట్ట మండలాల నుంచీ వెళుతున్నారు. వాళ్ళది 20వ నంబరు వీసా. అకామా, అంటే నివాస అనుమతి, యజమాని చేతిలో ఉంటుంది, పాస్‌పోర్టు తరచూ అతని బీరువాలోనే ఉంటుంది. నాలుగు గోడల మధ్య కొట్టినా, జీతం ఆపినా సాక్షి ఉండడు. పారిపోతే చట్టం దృష్టిలో నేరస్థురాలు. ఖతార్ 2020లో, యజమాని అనుమతి లేకుండానే ఉద్యోగం మారవచ్చని చట్టం మార్చింది. మిగతా చోట్ల కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పట్టు ఇంకా పూర్తిగా వదల్లేదు. ఎక్కడైనా పనిచేసుకోవచ్చంటూ 'ఆజాద్ వీసా' అని దళారి అమ్మేది చట్టంలో లేని వస్తువు. దాన్ని కొనుక్కున్నవాడు కఫీల్ దగ్గర కాకుండా మరోచోట పనిలో చేరిన నాడే చట్టం తప్పినవాడవుతాడు.

మన ప్రభుత్వం కొంత రక్షణ ఏర్పాటు చేసింది. 1983 వలస చట్టం కింద నమోదైన ఏజెంట్లే కార్మికులను పంపాలి. ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో వాళ్ళ పేర్లు చూసుకోవచ్చు. 30 ఏళ్ళు నిండని మహిళలను ఇంటిపనికి గల్ఫ్ పంపకూడదు. 2016 నుంచి ఆ నియామకాలు ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. మన రాష్ట్రంలో ఓమ్‌క్యాప్ అలాంటిది. ప్రవాసీ భారతీయ బీమా యోజన రెండేళ్ళకు 275 రూపాయలకే పది లక్షల బీమా ఇస్తుంది. విజిట్ వీసా మీద వెళ్ళినవాళ్ళకు ఇవేవీ వర్తించవు. దళారులు విజిట్ వీసానే ఎందుకు అంటగడతారో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

చవక దారులు

చవకగా దొరికే దారుల్లోనే ప్రమాదం పెద్దది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు 'ఆపరేషన్ గంగ' కింద సుమారు 22,500 మంది భారతీయులు తిరిగొచ్చారు. వాళ్ళలో ఎక్కువమంది వైద్య విద్యార్థులు. 2024 మే నెలలో కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో గుంపులు విదేశీ విద్యార్థుల హాస్టళ్ళపై పడ్డాయి. ఈ పిల్లలు తిరిగొచ్చాక కూడా, ఇక్కడ వైద్యం చేయాలంటే విదేశీ వైద్య పట్టభద్రుల పరీక్ష ఎఫ్ఎంజీఈ గట్టెక్కాలి. రాసినవాళ్ళలో అత్యధికులు తప్పుతూనే ఉన్నారు.

కంబోడియా, మయన్మార్‌లకు వెళ్ళినవాళ్ళది మరీ ఘోరం. 2024లో విశాఖ పోలీసులు ఛేదించిన ముఠా, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి యువకులను కంబోడియాకు చేర్చి, సైబర్ మోసాల కేంద్రాలకు అమ్మేసింది. అక్కడ వాళ్ళచేత మనవాళ్ళకే ఫోన్లు చేయించి దోచుకున్నారు. సహాయకుల ఉద్యోగాలని రష్యా తీసుకెళ్ళి సైన్యంలో చేర్చిన ఉదంతంలో 2024లో ఒక హైదరాబాద్ యువకుడు ప్రాణాలు పోగొట్టుకున్నాడు.

భద్రం అనుకున్నది ఎన్నాళ్ళు భద్రం?

తెలుగువాళ్ళకు ఈ పాఠం కొత్తది కాదు. వందేళ్ళ కిందట గోదావరి, విశాఖ తీరాల కూలీలకు రంగూను బంగారు భూమి. 1930 మేలో రంగూను రేవులో సమ్మె తర్వాత తెలుగు కూలీల మీద బర్మా గుంపులు పడ్డాయి. వందకు పైగా చనిపోయారు. 1942లో జపాన్ సేనలు రాగానే లక్షలాది భారతీయులు అడవులు, కొండలు దాటి కాలినడకన తిరిగొచ్చారు. దారిలో రాలిపోయినవాళ్ళకు లెక్క లేదు. 1990లో సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1.7 లక్షల మందిని విమానాల్లో తెచ్చారు. సుభిక్షంగా ఉన్న దేశం కూడా ఏడాదిలో మారిపోగలదు. తిరుగు టిక్కెట్టుకు డబ్బు, చేతిలో పాస్‌పోర్టు, రాయబార కార్యాలయంలో నమోదైన పేరు: కష్టకాలంలో ఈ మూడే ఆదుకుంటాయి.

నీళ్ళు, మంచు, రోడ్డు

చెప్పడానికి చాలా చిన్నదిగా కనిపించే విషయమిది. ఇళ్ళు కూల్చేస్తున్నదీ ఇదే. 2022 డిసెంబరు 26న అరిజోనాలోని వుడ్స్ క్యానియన్ సరస్సు మీద గడ్డకట్టిన మంచు విరిగి ముగ్గురు తెలుగువాళ్ళు మునిగిపోయారు. వాళ్ళలో గుంటూరు జిల్లా దంపతులున్నారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర ఇద్దరు, జూలైలో ఆస్ట్రేలియాలోని మిల్లా మిల్లా జలపాతంలో ఇద్దరు తెలుగు యువకులు మునిగి చనిపోయారు. సాగర్ కాలువలో ఈత నేర్చినవాడు కూడా అతిశీతల జలంలో దిగితే మొదటి నిమిషంలోనే ఊపిరి అందక ఉక్కిరిబిక్కిరవుతాడు. ఈ సంగతి వీసా ఇంటర్వ్యూకు వారాల తరబడి శిక్షణ ఇచ్చే కన్సల్టెన్సీల్లో ఎవరూ చెప్పరు. కొత్త లైసెన్సుతో, పాత కారుతో, రాత్రంతా హైవే మీద నడిపే పిల్లలకూ ఎవరూ హెచ్చరిక చేయరు.

తేలిందేమిటి

పత్తి విత్తనం కొనేటప్పుడు మన రైతు సంచి మీద పేరు ఒక్కటే చూడడు, తన నేలకు, తన నీటి వసతికి అది పనికొస్తుందా అని అడుగుతాడు. దేశాన్ని ఎంచుకునేటప్పుడూ ఆ విచారణే కావాలి. ఒకే అమెరికా సొంత వైద్యశాల ఉన్న డాక్టరుకు నిశ్చింత, నలభై లక్షల అప్పుతో వెళ్ళిన విద్యార్థికి గండం. ఒకే కువైట్ ఇంజనీరుకు ప్రశాంతం, ఖద్దామాకు జైలు.

అన్ని లెక్కలూ చూశాక నా తీర్పు ఇది. ఉద్యోగ అనుభవం ఉన్న కుటుంబానికి సింగపూర్, ఆస్ట్రేలియా, కెనడా, జర్మనీ అమెరికా కంటే భద్రం. సంపాదన తగ్గినా హోదా, వైద్యం నిలకడగా ఉంటాయి. చదువుకు వెళ్ళేవాళ్ళకు అప్పు తక్కువ పడే దేశమే భద్రమైన దేశం. ఆ లెక్కన, భాష నేర్చుకునే ఓపిక ఉంటే జర్మనీ ముందుంటుంది. కూలిపనికి వెళ్ళేవాళ్ళకు దేశం కంటే ఏజెంటు ముఖ్యం. ఈ-మైగ్రేట్‌లో లేని దారిలో ఎక్కడికీ వెళ్ళవద్దు. ఎంబీబీఎస్‌కు ఫీజు ఒక్కటే చూసి యుద్ధం అంచున ఉన్న దేశానికి పంపవద్దు.

ఏ దేశమైనా సరే, బయలుదేరే ముందు మూడు ప్రశ్నలకు జవాబు తెలుసుకోండి. పనిలో పెట్టుకున్న యజమాని వేధిస్తే వీసా పోకుండా బయటికి రాగలనా? జబ్బు పడితే ఆస్పత్రి బిల్లు ఎవరు కడతారు? ఆరు నెలలు సంపాదన లేకపోయినా అప్పు వాయిదా కట్టుకుని తినగలనా? మూడో ప్రశ్నకు జవాబు 'లేదు' అయితే ప్రమాదం విమానం ఎక్కకముందే మొదలైనట్టు. వెళ్ళాలా వద్దా అన్నది పిల్లవాడు ఒక్కడే తీసుకోవాల్సిన నిర్ణయం కాదు, ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోవాల్సింది.

ప్రభుత్వం చేయాల్సిందీ ఉంది. 1983 చట్టం ఉద్యోగాలకు పంపే ఏజెంట్లకే వర్తిస్తుంది, విద్యా కన్సల్టెన్సీలను తాకదు. పంజాబ్ 2012లో చట్టం చేసి వీసా, విద్యా సలహాదారులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. అలాంటి చట్టం ఆంధ్రప్రదేశ్‌కూ కావాలి. గుంటూరు, ఒంగోలు, బాపట్ల, నరసరావుపేట కలెక్టరేట్లలో విశ్వవిద్యాలయం, ఏజెంటు, వీసా పత్రం అసలువో కాదో ఒక్క రోజులో తేల్చి చెప్పే కార్యాలయం పెట్టాలి. తాడేపల్లిలోని ఏపీ ఎన్ఆర్‌టీ సొసైటీ సేవలు మండలాలకు చేరాలి. అమెరికాలోని తెలుగువాళ్ళ తానా వంటి సంఘాలు ఆపద వచ్చాక శవాలను ఇంటికి చేర్చడంలో చేస్తున్న సేవకు చేతులెత్తి మొక్కాలి. పిల్లలు బతికుండగానే, వెళ్ళిన మొదటి నెలలోనే వాళ్ళను పలకరించే ఏర్పాటు ఇంకా అవసరం.

తల్లిదండ్రులకు చివరి మాట. పిల్లలు ఫోన్ చేసినప్పుడు ఉద్యోగం వచ్చిందా, ఈ నెల ఎంత పంపుతావు అని అడిగే ముందు, ఎక్కడ ఉంటున్నావు, ఎన్నింటికి ఇంటికి చేరుతున్నావు, ఆరోగ్య బీమా ఉందా అని అడగండి. కష్టంగా ఉంటే వచ్చేయమని కూడా చెప్పండి. అప్పు తర్వాతైనా తీర్చుకోవచ్చు.